బుడగ లేని స్లైడు

ఆ కాలేజీలో ఆవిడని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. జీవశాస్త్రం ల్యాబ్‌కి వచ్చే పిల్లలకి స్లైడక్క. ఆఫీసు గుమాస్తాకి అటెండరు. ఆ శాఖకంతటికీ పెద్దదిక్కైన పెద్దసారుకి "ఏమ్మా" అంటే చాలు. ఇంట్లో అత్తగారైతే ఇరుగుపొరుగు వాళ్ళకి "మా కోడలిది ఉల్లిపాయల ఉద్యోగం" అని పరిచయం చేసేది.

అత్తగారి మాటలో అబద్ధమేమీ లేదు. కణం అంటే ఏమిటో మొదటిసారి చూసే పిల్లలకి ఉల్లిపాయని మించిన గురువు లేడు. పాయని నాలుగు చెక్కలు చేసి, లోపలి రేకుకి అంటుకుని ఉండే పల్చటి పొరని మెల్లగా లాగి, నీళ్ళలో వెయ్యాలి. గోరంత ముక్క కత్తిరించి ముడత పడకుండా గాజు స్లైడు మీద పరచాలి. ఒక చుక్క అయోడిన్. ఆ పైన కవర్‌స్లిప్, అంటే ఊదితే ఎగిరిపోయేంత పల్చటి గాజుబిళ్ళ. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. అరవై మంది పిల్లలు, పన్నెండు మైక్రోస్కోపులు, గంపెడు ఉల్లిపాయలు. మిగిలిపోయిన చెక్కలు ఇంటికి వచ్చేవి. "కాలేజీలో చదువుకొచ్చిన ఉల్లిపాయలమ్మా, కూరలో వేస్తే తెలివితేటలు వస్తాయి" అని అత్తగారు ఎగతాళి చేసేది.

ఈ పనిలో కిటుకంతా కవర్‌స్లిప్ దించడంలో ఉంది. ఒక అంచు నీళ్ళకి ఆనించి, రెండో అంచు కింద సూది పెట్టి, నెమ్మదిగా వాల్చాలి. అలా వాలిస్తే గాలి పక్కకి తప్పుకుంటుంది. తొందరపడి పైనుంచి వదిలేశారో, గాలి లోపల ఇరుక్కుని బుడగవుతుంది. మైక్రోస్కోపులో ఆ బుడగ గుండ్రంగా, నల్లటి మందపాటి అంచుతో, నడుమ మెరుస్తూ కనిపిస్తుంది. కొత్తవాళ్ళు దాన్ని చూసి "కణం, కణం!" అని గంతులేస్తారు. స్లైడక్క చేతిలో ఏనాడూ పొరపాటున బుడగ పడింది లేదు. మరి ఆ ల్యాబ్‌లో పిల్లలు చూసే ప్రతి స్లైడులోనూ ఒక బుడగ ఎందుకుండేదీ అంటారా? అక్కడే ఉంది కథంతా.

నల్లబల్ల పైన గోడకి అద్దం బిగించిన చార్టు ఒకటి ఉంది. ఇరవై అయిదేళ్ళ కిందట పెద్దసారు ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక కన్ను మైక్రోస్కోపులో, ఇంకో కన్ను కాగితం మీదా పెట్టి స్వయంగా గీసిన ఉల్లిపొర బొమ్మ. ఏమాటకామాటే చెప్పుకోవాలి, బొమ్మ అందంగానే ఉంటుంది. ఇటుకలు పేర్చినట్టు కణాలు, ఒక్కోదాంట్లో పసుపుపచ్చ కేంద్రకం. నడిమి కణంలో మాత్రం నల్లటి మందపాటి అంచుతో ఒక సున్నా. దానికి బాణం గీసి, గుండ్రటి అక్షరాలతో "రిక్తిక" అని రాశారాయన. కణం నీళ్ళూ అవీ దాచుకునే సంచిని రిక్తిక అంటారు. పుస్తకంలో రిక్తిక ఉంది కాబట్టి మైక్రోస్కోపులోనూ ఉండి తీరాలి, కొట్టొచ్చినట్టు కనిపించేది ఈ నల్ల సున్నాయే కాబట్టి ఇదే రిక్తిక. అదీ ఆయన లెక్క. పాపం, ఆయన చూసిందే గీశారు, పేరే తప్పు పెట్టారు. ఆ మాట చెప్పే మనిషి ఆ రోజు ఆయన పక్కన లేకపోయాడు. ఆయన పెద్దసారు అయ్యాక చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ధైర్యం చేసినదల్లా ఒక్క స్లైడక్కే, అదీ ఒక్కసారే. చేరిన నెలలోనే పెద్దసారు ఆవిడని పిల్లలందరి ముందూ నిలబెట్టి కేకలేశారు.

"ఏమ్మా, నీ స్లైడుల్లో రిక్తిక కనిపించదేం? పొర పాడుచేస్తున్నావు. పాత అటెండరు పెడితే చక్కగా కనిపించేది."

పాత అటెండరు చేతులు వణికే ముసలాయన. ఆయన ఏది పెట్టినా బుడగలే. "సార్, అది గాలి కదండీ" అంది స్లైడక్క. "నువ్వు చదివిందెంత, నాకు చెప్పేదెంత!" అన్నారాయన. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఇంట్లో చంటిపిల్ల, మంచాన పడ్డ మామగారు, చేతిలో నెల తిరగని ఉద్యోగం. ఆవిడ నోరు కట్టేసుకుంది. మర్నాటి నుంచి కవర్‌స్లిప్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని బల్లపరుపుగా వదలడం నేర్చుకుంది. ఒకే ఒక్క బుడగ, కణంలో పట్టేంత చిన్నది, సరిగ్గా నడుమ. అదీ ఒక విద్యే మరి. ఆ విద్యలో ఆవిడని కొట్టేవాళ్ళు పుట్టలేదు. ఆవిడకి మాత్రం బుడగ పెట్టిన ప్రతిసారీ ఒళ్ళు మండేది.

ఇలా ఉండగా ల్యాబ్ టెక్నీషియన్ రిటైరయ్యాడు. ఆ పోస్టుకి స్లైడక్క దరఖాస్తు పెట్టుకుంది. పెట్టుకోక ఏం చేస్తుంది? ఆ పనంతా ఎన్నేళ్ళనుంచో చేస్తున్నది తనే. కానీ అటెండరు కడగాలి, తుడవాలి, అందించాలి. పిల్ల ఎవరైనా "అక్కా, నాకేం కనిపించట్లేదు" అని ఏడుపుమొహం పెట్టినా, చెయ్యి పట్టి మైక్రోస్కోపు మర తిప్పి చూపించే హక్కు లేదు. చూపిస్తే "నీ పని నువ్వు చూసుకో" అనిపించుకోవాలి. టెక్నీషియన్ అయితే పిల్లల పక్కన నిలబడి నోరారా చెప్పొచ్చు. ఆవిడకి కావలసింది అదొక్కటే. దానికో పరీక్ష ఉంది. ఒక స్లైడు తయారుచేసి, చూసి, బొమ్మ గీయాలి. మార్కుల కాగితం మీద బయటి కాలేజీ నుంచి వచ్చే పరీక్షకురాలూ, పెద్దసారూ ఇద్దరూ సంతకం పెట్టాలి. గురువారం పరీక్ష.

"ఉల్లిపాయ కోయడానికి పరీక్షేంటే! నేను యాభై ఏళ్ళుగా కోస్తున్నా, నాకూ ఇమ్మను ఓ పోస్టు" అంది అత్తగారు.

సోమవారం సాయంత్రం కూతురు మొహం గంటు పెట్టుకుని వచ్చింది. ఆ పిల్ల అదే కాలేజీలో మొదటి సంవత్సరం. రికార్డు పుస్తకం తెచ్చి తల్లి ముందు బల్ల మీద పడేసింది. ఉల్లిపొర బొమ్మ. నల్ల సున్నాకి బాణం గీసి "గాలి బుడగ" అని రాసింది పిల్ల. దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, "రిక్తిక" అని దిద్ది, "శనివారంలోగా మళ్ళీ గీసి చూపించు" అని రాశారు పెద్దసారు.

"గీసెయ్యవే. ఒక్క మాటే కదా" అంది స్లైడక్క, పళ్ళేలు సర్దుతూ.

"చిన్నప్పుడు సెలవుల్లో నన్ను ల్యాబ్‌కి తీసుకెళ్ళి ఎవరమ్మా చెప్పింది, నల్ల అంచు కనిపిస్తే గాలి అని? సూదితో తడితే పారిపోతుంది చూడు అని చూపించింది ఎవరు?"

"నేనే. అయితే ఏంటి?"

"మరి ఆ స్లైడు పెట్టింది కూడా నువ్వే కదా. తెలిసి తెలిసి ఎందుకు పెట్టావు?"

స్లైడక్క "నా పరీక్ష అయ్యేదాకా ఓపిక పట్టు తల్లీ" అని నసిగింది.

"అయ్యాక మానేస్తావా?" అంది పిల్ల. అని, రికార్డు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అత్తగారు కూడా ఆ పూట నవ్వులాట మాట ఒక్కటీ అనలేదు. కన్నకూతురి ముందు తలదించుకోవడం కంటే పెద్దసారు కేకలే నయమనిపించింది స్లైడక్కకి.

గురువారం పరీక్షకి కూర్చున్నది ఆవిడొక్కతే. బయటినుంచి వచ్చిన మేడమ్ పొట్టిగా, కళ్ళజోడు మెడలో వేలాడేసుకుని ఉంది. "కూర్చోండమ్మా. మీరు తొందరపడకండి" అంది. ఆ ల్యాబ్‌లో తనని "మీరు" అన్న మనిషిని స్లైడక్క మొదటిసారి చూసింది. పెద్దసారు చార్టు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

పొర లాగింది. పరిచింది. అయోడిన్ చుక్క వేసింది. కవర్‌స్లిప్ వేళ్ళ మధ్యకి తీసుకుంది. బల్లపరుపుగా వదిలితే చాలు, బుడగ పడుతుంది, "రిక్తిక" అని రాసేస్తే పోస్టు చేతికొచ్చేస్తుంది. వేళ్ళకి బాగా అలవాటైన పని. కానీ "తెలిసి తెలిసి ఎందుకు పెట్టావు?" అన్న మాట చెవుల్లో గింగురుమంటోంది. ఛీ, ఎన్నాళ్ళీ బతుకు అనుకుంది. సూది తీసుకుంది. ఒక అంచు ఆనించి, రెండో అంచు సూది మీద మెల్లగా వాల్చింది. మిగిలిన తడిని బ్లాటింగ్ కాగితంతో అద్ది, మైక్రోస్కోపు కింద పెట్టి, మర తిప్పి, చూసింది చూసినట్టు గీసింది. గోడలు, కేంద్రకాలు. నల్ల సున్నా లేదు.

పెద్దసారు వచ్చి కాగితం చూశారు. "రిక్తిక ఏదమ్మా?"

"కనిపించలేదు సార్."

"కనిపించకపోవడమేంటి? తలెత్తి చార్టు చూడు."

స్లైడక్క తలెత్తలేదు. ప్రశ్నపత్రం తీసి పైకి చదివింది. "'స్లైడు తయారుచేసి, చూసినది గీయుము.' చార్టు చూసి గీయమని ఇందులో లేదు సార్."

ఆయన మొహం జేవురించింది. మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికొచ్చింది. చాలాసేపు మైక్రోస్కోపులో చూసి, "బుడగ మచ్చుకైనా లేదే!" అంది. తరవాత అడిగింది, "సరే, కనిపించలేదన్నారు. ఉల్లిపాయ కణంలో అసలు రిక్తిక లేదంటారా?"

"ఉందండి. కంటికి ఆనట్లేదు, అంతే. కానీ చూడండి మేడమ్, ఏ కణంలో చూసినా కేంద్రకం నడుమ లేదు, పక్క గోడకి నొక్కుకుపోయి ఉంది. ఇరుకు బస్సులో మూలకి నెట్టేసినట్టు. అంటే నడుమంతా ఏదో ఆక్రమించి కూర్చుని ఉండాలి కదండీ. అదే రిక్తిక అయ్యుండాలి."

"ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరు చెప్తారండీ? పద్దెనిమిదేళ్ళుగా చూస్తున్నాను."

మేడమ్ పెన్ను మూత తీసింది. పెద్దసారు అడ్డుపడ్డారు. "రిక్తిక లేని బొమ్మకి నేను సంతకం పెట్టను. ఈ ల్యాబ్‌లో పిల్లలందరికీ కనిపించేది ఈవిడకి కనిపించలేదంటే, తప్పు ఈవిడ స్లైడుదే."

ఇహ తాడో పేడో తేలిపోవాల్సిందే అనుకుంది స్లైడక్క. ఇంకో స్లైడు తీసింది. పొర పరిచింది. కవర్‌స్లిప్‌ని రెండు వేళ్ళతో బల్లపరుపుగా వదిలింది. మైక్రోస్కోపు కింద పెట్టి, మర సరిచేసి, పక్కకి జరిగింది.

"చూడండి సార్. ఉందా?"

పెద్దసారు చూశారు. "ఆ! ఇదిగో, బ్రహ్మాండంగా ఉంది. ఇదే రిక్తిక. మేడమ్, మీరూ చూడండి."

"మీరు కన్ను తియ్యకండి సార్. అలాగే చూస్తూ ఉండండి." స్లైడక్క సూది మొనతో కవర్‌స్లిప్ మీద ఒక పక్కగా మెల్లగా తట్టింది. ఒకసారి, రెండుసార్లు. ఆయన చూస్తుండగానే ఆ నల్ల సున్నా కదిలింది. ఒక కణం గోడ దాటింది, రెండోది దాటింది, మూడోది దాటింది, అంచుకి చేరి మాయమైపోయింది.

"కణంలో ఉండేది గోడలు దాటుకుని పక్కింటికి పోదు కదా సార్" అంది స్లైడక్క. "అది గాలి. మీరు పెట్టమన్నారు, నేను పెట్టాను. ఏడాదికి అరవై మంది, పద్దెనిమిదేళ్ళు. వెయ్యి మందికి పైగా పిల్లలకి గాలిని చూపించి కణంలో భాగమని నమ్మించాను. తప్పు నాదీ ఉంది."

"విన్నారా మేడమ్! తప్పుడు స్లైడులు పెట్టానని తన నోటితో తనే ఒప్పుకుంటోంది" అని పెద్దసారు స్లైడక్క వైపు తిరిగారు. "దీని మీద నేను రిపోర్టు రాస్తే నీ అటెండరు ఉద్యోగం కూడా ఉండదు, తెలుసా?"

"రాయండి సార్. ఎవరు పెట్టమన్నారో కూడా అందులోనే రాయండి."

మేడమ్ కాగితం మీద మార్కులు వేసి, సంతకం చేసి, పెద్దసారు వైపు జరిపింది. "మీ సంతకంతో శనివారం సాయంత్రానికి నాకు చేరాలి. చేరకపోతే ఎందుకు చేరలేదో అడగడానికి నేనే వస్తాను" అని సంచి భుజాన వేసుకుంది.

శుక్రవారం పెద్దసారు ఆవిడని తన గదిలోకి పిలిచారు. కాగితం ఆయన ముందు బల్ల మీదే ఉంది. కేకలెయ్యలేదు, అదే ఆశ్చర్యం. "కూర్చో" అన్నారు. ఆవిడ కూర్చోలేదు.

"చూడమ్మా, సంతకం పెడతాను. కానీ చార్టు అలాగే ఉంటుంది. స్లైడులు ఎప్పట్లాగే పెట్టు. నాకింక ఉన్నది రెండేళ్ళు. నేను వెళ్ళాక నీ ఇష్టం."

"రెండేళ్ళంటే ఇంకో నూట ఇరవై మంది పిల్లలు సార్."

"పోస్టు అక్కర్లేదా నీకు?"

"కావాలి సార్. చచ్చేంత కావాలి. బుడగ పెట్టి తెచ్చుకునేదైతే మాత్రం వద్దు."

ఆయన గొంతు తగ్గించారు. "సరే. పోనీ, ఎవరూ లేనప్పుడు ఆ చార్టు నువ్వే దించెయ్యి. పాతదైపోయిందని చెప్దాం."

ఆ మాటతో ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను దించను. పెట్టిన చెయ్యి మీది, దించాల్సిన చెయ్యీ మీదే. అది కూడా పిల్లలు చూస్తుండగా. నన్ను తిట్టింది పిల్లల ముందే కదా సార్?"

"బయటికి నడు!"

నడిచింది. ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పేసరికి కూతురు గుడ్లప్పగించి చూసింది. "ఇంతకీ ఉద్యోగం ఉన్నట్టా, ఊడినట్టా?" అంది అత్తగారు.

"తెలీదత్తయ్యా."

"ఊడితే ఊడింది. ఇకనుంచీ ఉల్లిపాయలు మనమే కొనుక్కుందాం" అని, కోడలి కంచంలో ఇంకో గరిటె అన్నం వడ్డించింది.

శనివారం పొద్దున్నే స్లైడక్క పన్నెండు మైక్రోస్కోపుల కిందా పన్నెండు స్లైడులు పెట్టింది. వెతికినా ఒక్క బుడగ లేదు. పిల్లలొచ్చారు, వంగారు, గోల మొదలుపెట్టారు. "అక్కా, మా దాంట్లో రిక్తిక లేదు!" "మాకూ లేదు!" "స్లైడు పాడైందక్కా!"

పెద్దసారు తలుపు దగ్గరికి వచ్చి నిలబడటం ఆవిడ చూసింది. చూసే, గొంతెత్తి మరీ చెప్పింది. "స్లైడు బాగానే ఉంది. కనిపించంది గీయకండి. కనిపించింది ఒక్కటీ వదలకండి. అంతే."

అటెండరు పాఠం చెప్పడం ఏమిటని పిల్లలు పెద్దసారు మొహం చూశారు. ఆయన లోపలికొచ్చి, చివరి బల్ల దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఉల్లిపొర తనే లాగారు. ఎన్నాళ్ళైందో ఏమో, రెండుసార్లు చిరిగిపోయింది, మూడోసారి వచ్చింది. కవర్‌స్లిప్ వదిలారు, బుడగ పడింది. సూదితో తట్టారు. కన్ను తియ్యకుండా చూశారు. ఇంకోసారి పెట్టారు, ఇంకోసారి తట్టారు. స్లైడక్క దగ్గరికి వెళ్ళలేదు. ఆయన తనంతట తను చూడాల్సిన సంగతి అది.

చివరికి లేచారు. నేరుగా స్లైడక్క కూతురి దగ్గరికి వెళ్ళి రికార్డు అడిగారు. పిల్ల ఆ బొమ్మ మళ్ళీ గీయలేదు. ఎర్ర సిరా పేజీనే తెరిచి ఆయన ముందు పెట్టి, బెదరకుండా చూసింది. ఆయన జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, తను రాసిన "రిక్తిక" మీద తనే అడ్డగీత గీసుకున్నారు. పక్కన మార్కులు వేసి సంతకం చేశారు.

తరవాత ఆ స్టూలునే నల్లబల్ల కిందకి లాక్కెళ్ళారు. పిల్లలంతా మైక్రోస్కోపులు వదిలేసి నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. "ఈ చార్టులో ఒక తప్పుంది" అన్నారాయన, వాళ్ళ వైపు తిరక్కుండానే. "అది నేను గీసిందే." ఒక కాలు స్టూలు మీద పెట్టారు. అది కుంటి స్టూలు, ఊగింది.

"ఏమండీ, కాస్త పట్టుకోండి" అన్నారు స్లైడక్కతో.

ఆవిడ వెళ్ళి రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. "పట్టుకున్నాను సార్, మీరు ఎక్కండి. దిగగానే సంతకం పెడుదురుగాని. కాగితం మీ బల్ల మీంచి తెచ్చి ఇక్కడే పెట్టుకున్నాను."